'రేపు రా' అన్న రాతకు జవాబు



మాస్టారు మాకు తొమ్మిది, పది తరగతుల్లో ఇంగ్లీషు చెప్పారు. పాఠం కానివ్వండి, పద్యం కానివ్వండి, పేపర్లో వచ్చిన ఒక ప్రకటన కానివ్వండి, చదివించాక ఆయన మొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఈ మాట ఎవరితో అంటున్నాడ్రా?" అర్థం తర్వాత, వ్యాకరణం ఆ తర్వాత. మేము "అందరితోనూ అండి" అనేవాళ్ళం. ఆయన ఒప్పుకునేవారు కాదు. "మళ్ళీ చదవండి. ఎవరో ఒకరు కనపడతారు" అనేవారు.

మార్టిన్ లూథర్ కింగ్ బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన ఉత్తరాన్ని నేను మొదటిసారి చదివింది ఆయన చేతికిచ్చిన సైక్లోస్టైల్ ప్రతిలోనే. అక్కడక్కడా సిరా అలుక్కుపోయి ఉండేది. మాస్టారి పేరు మీద మాట్లాడమని మీరు అడిగినప్పుడు నాకు వేరే విషయం తోచలేదు. అహింసతో చేసే పోరాటాన్ని సమర్థిస్తూ గత శతాబ్దంలో వచ్చిన రచనల్లో దీన్ని మించింది నేను చదవలేదు. ఆయన ప్రశ్న పట్టుకునే ఇందులోకి వెళ్తాను.

1963 ఏప్రిల్. అమెరికాలో అలబామా రాష్ట్రం, బర్మింగ్‌హామ్ నగరం. ఉక్కు కర్మాగారాల ఊరు. సుమారు 3 లక్షల 40 వేల జనాభా, అందులో నూటికి నలభై మంది నల్లవాళ్ళు. దుకాణంలో వాళ్ళ డబ్బు చెల్లుతుంది గానీ అదే దుకాణంలో కాఫీ బల్ల దగ్గర కూర్చోవడానికి వీల్లేదు. నీళ్ళ కుళాయిలు వేరు, బట్టలు వేసుకుని చూసుకునే గదులు వేరు. నల్లవాళ్ళ ఇళ్ళ మీద, చర్చిల మీద ఎన్ని బాంబులు పడ్డాయంటే, జనం ఆ ఊరికి 'బాంబింగ్‌హామ్' అని పేరు పెట్టారు. అక్కడి పాస్టరు ఫ్రెడ్ షటిల్స్‌వర్త్ ఇంటిని 1956 క్రిస్మస్ రాత్రి డైనమైట్‌తో పేల్చేశారు. ఆయన శిథిలాల్లోంచి నడుచుకుంటూ బయటికొచ్చి, మర్నాడే బస్సుల్లో వివక్షను ధిక్కరించడానికి బయల్దేరాడు. కింగ్‌ను ఆ ఊరికి పిలిచినవాడు ఆయనే. ఆ ఊళ్ళో పోలీసులూ అగ్నిమాపక దళమూ బుల్ కానర్ అనే కమిషనర్ చేతిలో ఉండేవి.

ఏప్రిల్ 3న నిరసనలు మొదలయ్యాయి. 10వ తేదీ రాత్రి ఒక రాష్ట్ర న్యాయమూర్తి ఊరేగింపులు జరపరాదని ఇంజంక్షన్ ఇచ్చాడు. బెయిలుకు దాచిన డబ్బు అయిపోయింది. 12వ తేదీ గుడ్ ఫ్రైడే. గాస్టన్ మోటెల్లో 30వ నంబరు గదిలో సహచరులు చర్చిస్తూ ఉండగా కింగ్ పక్క గదిలోకి వెళ్ళి, కాసేపటికి కూలివాళ్ళు తొడుక్కునే ముతక నీలం బట్టల్లో తిరిగొచ్చాడు. ఇక చర్చ లేదు. ఆ మధ్యాహ్నమే ఊరేగింపులో ఆయన్నీ ఆయన సహచరుడు రాల్ఫ్ అబెర్నాతీనీ అరెస్టు చేశారు. కింగ్‌ను ఒంటరి గదిలో వేశారు.

ఆ గదిలోకి ఒక వార్తాపత్రిక చేరింది. అందులో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎనిమిది మంది తెల్లజాతి మతపెద్దల ప్రకటన ఉంది. బిషప్పులు, పాస్టర్లు, ఒక యూదు రబ్బీ. ఈ నిరసనలు తెలివైనవి కావు, ఇది సరైన సమయం కాదు, బయటివాళ్ళు వచ్చి నడిపిస్తున్నారు, ఏదైనా ఉంటే కోర్టుల్లో తేల్చుకోండి, పోలీసులు ఓర్పుగా ఉన్నారు, వాళ్ళకు మా అభినందనలు. ఇదీ దాని సారాంశం.

కింగ్ ఆ పేపరు అంచుల్లోనే జవాబు మొదలుపెట్టాడు. అంచులు నిండాక జైల్లో పనిచేసే ఒక నల్ల ఖైదీ తెచ్చిచ్చిన చిత్తుకాగితాల మీద రాశాడు. తర్వాత వకీళ్ళు ఇచ్చిన ప్యాడ్ మీద. రాసిన ముక్కలు రాసినట్టు వకీళ్ళతో బయటికి వెళ్ళేవి. కింగ్ సహచరుడు వయాట్ టీ వాకర్ ఆ గిలుకు రాతను కూడబలుక్కుని చదువుతుంటే సెక్రటరీ టైపు చేసేది. ఏప్రిల్ 16 తేదీతో ఉన్న ఆ ఉత్తరం ఇంచుమించు ఏడు వేల మాటలు.

ఇప్పుడు మాస్టారి ప్రశ్న. ఎవరితో అంటున్నాడు?

బుల్ కానర్‌తో కాదు. ముసుగులేసుకుని బాంబులు పెట్టేవాళ్ళతో కాదు. ఆ ఎనిమిది మందితో. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. అదే ఏడాది జనవరిలో అలబామా గవర్నర్ వాలెస్ వివక్షకు జై కొట్టినప్పుడు, వాళ్ళలో చాలామంది చట్టానికి లోబడమని బహిరంగంగా చెప్పి తెల్లవాళ్ళతో తిట్లు తిన్నారు. వాళ్ళలో ఒకరైన ఎర్ల్ స్టాలింగ్స్ తన చర్చి ఆరాధనకు నల్లవాళ్ళను రానిచ్చాడు. ఆ సంగతి కింగ్ తన ఉత్తరంలో మరచిపోకుండా మెచ్చుకున్నాడు. మర్యాదస్థులు, చదువుకున్నవాళ్ళు, మంచి జరగాలని నిజంగానే కోరుకునేవాళ్ళు. వాళ్ళ కోరికల్లా ఒకటే, ఆ మంచి చప్పుడు లేకుండా జరగాలని.

ఏ ఉద్యమానికైనా గెలుపు ఓటములు తేలేది వీళ్ళ దగ్గరే అని నా నమ్మకం. కర్ర పట్టుకున్నవాడు మాటకు లొంగడు. దెబ్బ తిన్నవాడికి మాట అక్కర్లేదు. మధ్యలో వీధి అరుగు మీద కూర్చున్న పెద్దమనుషులున్నారే, వాళ్ళు లేచి ఒక మాట అంటే పరిస్థితి మారుతుంది. కింగ్ వాళ్ళను తోటి బోధకులారా అని పిలిచి మొదలుపెట్టాడు. కోపం ఉంది, కానీ దాన్ని ఓపికగా పరిచాడు. ఒక్కొక్క ఆక్షేపణనూ తీసుకుని, వాళ్ళ గ్రంథంతోనే, వాళ్ళ తత్వవేత్తలతోనే జవాబు చెప్పాడు. బయటివాడినా? నన్ను ఇక్కడివాళ్ళు పిలిచారు, మా సంస్థకు ఇక్కడ శాఖ ఉంది అని ముందు మామూలు లెక్క చెప్పాడు. ఆ తర్వాత, పిలుపు వచ్చిన ఊరికల్లా వెళ్ళిన అపొస్తలుడు పౌలును గుర్తుచేశాడు. పౌలు సంచారాల మీద వారం వారం ప్రసంగించే మనుషులు దానికి ఏం బదులు చెప్పగలరు?

అన్నిటికంటే బరువైన ఆక్షేపణ సమయం గురించి. దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఉంటాను.

మన ఊళ్ళలో ఒకప్పుడు తలుపుల మీద, గోడల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవారు. రాత్రి వచ్చి తలుపు తట్టే దయ్యం అది చదువుకుని వెళ్ళిపోతుందని. మర్నాడు వస్తుంది, మళ్ళీ అదే రాత. ఆ రాతలోని కిటుకు ఏమిటంటే, అది ఎప్పుడూ రావద్దు అనదు. రమ్మనే అంటుంది. ఏ పొద్దు చదివినా రేపనే అంటుంది. చిన్నప్పుడు మా వీధిలో బొగ్గుతో రాసిన ఆ అక్షరాలు నాకింకా గుర్తు. బర్మింగ్‌హామ్ ప్రకటన చదివినప్పుడల్లా నాకు ఆ తలుపే కళ్ళ ముందు మెదులుతుంది.

పైగా బర్మింగ్‌హామ్ ఉద్యమకారులు ఆగనివాళ్ళు కారు. 1962 సెప్టెంబరులో దుకాణదారులతో మాట్లాడారు. అవమానకరమైన బోర్డులు తీసేస్తామని దుకాణదారులు మాటిచ్చారు. వీళ్ళు నిరసనలు ఆపారు. కొన్ని బోర్డులు దిగాయి, కొన్నాళ్ళకు మళ్ళీ ఎక్కాయి. 1963 మార్చిలో మేయరు ఎన్నిక ఉంది, దాని మీద ప్రభావం పడకూడదని ఆగారు. అందులో ఎవరికీ మెజారిటీ రాక ఏప్రిల్ 2న రెండో విడత పెడితే, అందాకా మళ్ళీ ఆగారు. ఆ ఎన్నికలో బుల్ కానర్ ఓడిపోయాడు. కొత్త మేయరు ఆల్బర్ట్ బౌట్‌వెల్ మెత్తని మనిషి, ఆయనకు కొంత గడువివ్వండి అన్నారు. మెత్తగా మాట్లాడే మనిషైనా ఆయనా వివక్షను నిలబెట్టాలనేవాడే కదా అని కింగ్ అడిగాడు. మనకు 'నిదానమే ప్రధానం' అనే సామెతా ఉంది, 'ఆలస్యం అమృతం విషం' అనే సామెతా ఉంది. ఎవరు ఏది ఎప్పుడు వాడుతున్నారో చూస్తే ఎవరి కాలు నొప్పెడుతోందో తెలిసిపోతుంది.

ఇక్కడే ఆ ఉత్తరంలో ఒక వాక్యం వస్తుంది. ఒకే వాక్యం, మూడు వందలకు పైగా ఇంగ్లీషు మాటలు. గుంపులు కొట్టి చంపడం, పోలీసుల తన్నులు అన్నీ చెబుతూ, ఆరేళ్ళ కూతురి దగ్గరికి వస్తాడు. టీవీలో ఫన్‌టౌన్ అనే వినోద పార్కు ప్రకటన చూసి అక్కడికి వెళ్దామంటుంది ఆ పిల్ల. నల్లపిల్లలను రానివ్వరని చెప్పడానికి తండ్రికి నోరు పెగలదు. పాప కళ్ళల్లో నీళ్ళు. ఆ చిన్న మనసులో తాను తక్కువదాన్నన్న మబ్బు కమ్ముకోవడం ఆయన కళ్ళారా చూస్తాడు. తర్వాత దూరప్రయాణంలో ఏ మోటెల్ వాడూ గది ఇవ్వక కారులోనే ముడుచుకుని పడుకునే రాత్రులు. ఎంత వయసు వచ్చినా 'బాయ్' అనే పిలుపు. భార్యకూ తల్లికీ ఎన్నడూ దక్కని 'మిసెస్'.

డిగ్రీ చదివేటప్పుడు నేను ఈ వాక్యాన్ని తెలుగు చేసి మాస్టారికి చూపించాను. ఇంత పొడుగు వాక్యం తెలుగులో నిలవదనుకుని ఇరవై చిన్న వాక్యాలుగా విడగొట్టాను. చక్కగా అర్థమయ్యేట్టు ఉందనే అనుకున్నాను. ఆయన ఎర్ర ఇంకు పెన్ను తీసి నేను పెట్టిన ఫుల్‌స్టాపులన్నీ కొట్టేశారు. ఒక్కటీ మిగల్లేదు. "వాళ్ళు మూడు వందల నలభై ఏళ్ళు ఆగారని చెబుతున్నాడు. నువ్వు మూడు మాటలకోసారి ఊపిరి తీసుకుంటున్నావు" అన్నారు.

ఆ రోజు నాకు అర్థమైంది. ఇంగ్లీషులో అసలు మాట ముందొస్తుంది, వివరం వెనక వస్తుంది. కింగ్ దాన్ని తలకిందులు చేసి, ఇలా జరిగినప్పుడు, ఇలా అన్నప్పుడు, ఇలా చూసినప్పుడు అంటూ పోయి, ఆగడం మాకెందుకు కష్టంగా ఉందో అప్పుడు మీకు తెలుస్తుందన్న భావాన్ని చిట్టచివర ఉంచాడు. ఆగమన్నవాళ్ళను ఆ వాక్యంలో నిలబెట్టి ఆగమన్నాడు. తెలుగు వాక్యంలో క్రియ ఎలాగూ చివరే వస్తుంది కాబట్టి మనకు ఆ ఆగడం అలవాటే. అందుకే తెలుగు చేసేవాడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఆ బరువు తెలియకుండా జారిపోతుంది. నేను మళ్ళీ రాశాను. 'అప్పుడు' తర్వాత 'అప్పుడు' పేర్చుకుంటూ పోతే, చదువుతుంటే నాకే ఊపిరి అందలేదు. మాస్టారు ఈసారి ఏమీ కొట్టెయ్యలేదు.

ఒక్క చోట మాత్రం తెలుగు తనంతట తానే సాయానికి వచ్చింది. 'బాయ్' అనే మాటకు నాకు నిఘంటువు అవసరం రాలేదు. డెబ్భై ఏళ్ళ పాలేరును పన్నెండేళ్ళ కుర్రవాడు 'ఒరేయ్' అనడం నేను విన్నాను. ఆ ముసలాయన 'అయ్యా' అనడమూ విన్నాను. ఒక మనిషి పేరు చివర 'గారు' రాకపోవడంలో ఎంత చరిత్ర ఉందో తెలుగువాళ్ళకు వివరించనవసరం లేదు.

ఇక చట్టం సంగతి. కోర్టు ఉత్తర్వును మీరడం కింగ్‌కు తేలికేమీ కాలేదు. ముందు ఏడాది జార్జియాలోని ఆల్బనీలో ఫెడరల్ న్యాయమూర్తి ఇలాంటి ఉత్తర్వే ఇస్తే ఆయన కట్టుబడ్డాడు, ఉద్యమం చల్లబడింది. బడులలో వివక్ష చెల్లదన్న 1954 సుప్రీంకోర్టు తీర్పును పాటించమని ఊరూరా చెబుతూ, మీరే ఇంకో చట్టాన్ని ఎలా మీరతారు అన్న ప్రశ్నను ఎవరూ అడక్కముందే తానే ఎత్తుకున్నాడు. ఆయన దృష్టిలో అన్యాయమైన చట్టాలు ఇవి: సంఖ్యలో ఎక్కువున్నవాళ్ళు తక్కువున్నవాళ్ళ మీద రుద్ది తాము మాత్రం పాటించని చట్టం, ఓటు లేనివాళ్ళ నెత్తిన పెట్టిన చట్టం, చూడ్డానికి సక్రమంగా ఉండి అన్యాయానికి పనిముట్టయ్యే చట్టం. ఊరేగింపుకు పర్మిట్ అడగడంలో తప్పు లేదు, ఆ పర్మిట్ నల్లవాళ్ళకు ఎన్నటికీ ఇవ్వకపోవడంలో ఉంది. అలాంటి దాన్ని మీరేవాడు దొంగచాటుగా మీరకూడదు. పట్టపగలు, ద్వేషం లేకుండా, శిక్షకు సిద్ధపడి మీరాలి. ఈ చివరి షరతే అల్లరికీ సత్యాగ్రహానికీ మధ్య గీత.

ఆయన శిక్ష మాట ఊరికే అనలేదు. ఆ గుడ్ ఫ్రైడే కోర్టు ధిక్కారం కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1967లో అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరోవైపు నిలిచి, శిక్షను ఖాయం చేశారు. నోబెల్ శాంతి బహుమతి అందుకున్న మనిషి ఆ ఏడాది అక్టోబరులో తిరిగొచ్చి అలబామా జైల్లో కూర్చున్నాడు. అసలు ఆ ఊరేగింపుల చట్టమే రాజ్యాంగ విరుద్ధమని అదే కోర్టు 1969లో చెప్పింది. అప్పటికి కింగ్ చనిపోయి ఏడాది కావస్తోంది.

మీ నిరసనల వల్లే గొడవలవుతున్నాయి అన్నదానికి ఆయన సెగగడ్డ పోలిక చెప్పాడు. గడ్డ కప్పి ఉంచితే మానదు, గాలీ వెలుగూ తగలాలి. చీము కోసినవాడు పుట్టించింది కాదు, లోపల ఉన్నదే. శాంతి అంటే చప్పుడు లేకపోవడమే అనుకునేవాళ్ళు ఈ పోలికను ఇప్పటికీ దాటలేరు.

పోలీసుల ఓర్పును మెచ్చుకున్న మాటకు మాత్రం ఆయన గొంతు కాస్త వణుకుతుంది. మీరు అభినందించాల్సినవాళ్ళు వేరే ఉన్నారు అంటాడు. వాళ్ళెవరో చూడాలంటే ఉత్తరం పక్కన పెట్టి చర్చి హాళ్ళలోకి వెళ్ళాలి. అక్కడ నాటకాలు వేసినట్టు తర్ఫీదు ఇచ్చేవారు. ఒకరు తెల్లవాడి వేషం కట్టి తిట్టాలి, తోయాలి. రెండోవారు చెయ్యెత్తకూడదు, మాట జారకూడదు. పది నియమాలున్న కార్డు మీద సంతకం పెడితేనే వీధిలోకి పంపేవారు. చాకులు, ఇతర ఆయుధాలు ఉన్నవాళ్ళు అక్కడే అప్పగించాలి. తట్టుకోలేనన్నవాళ్ళకు టైపింగో, వంటో, టెలిఫోనో అప్పజెప్పేవారు. ఆ పనీ ఉద్యమమే.

ఈ తర్ఫీదు వెనక మన దేశపు నీళ్ళున్నాయి. జేమ్స్ లాసన్ అనే యువ మెథడిస్టు 1953లో నాగపూర్ హిస్లాప్ కాలేజీకి వచ్చి, మూడేళ్ళు ఉండి గాంధీ పద్ధతులు అధ్యయనం చేశాడు. తిరిగి వెళ్ళి నాష్‌విల్‌లో విద్యార్థులకు నేర్పాడు. ఆ విద్యార్థుల్లో ఒకడైన జేమ్స్ బెవెలే తర్వాత బర్మింగ్‌హామ్‌లో బడి పిల్లలను కూడగట్టాడు. కింగ్ కూడా 1959లో భార్య కొరెటాతో ఒక నెల పాటు మన దేశంలో తిరిగాడు. తిరువనంతపురం వైపు ఒక బడిలో, దళిత పిల్లల ముందు, హెడ్మాస్టరు ఆయన్ను అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడిగా పరిచయం చేశాడు. మొదట మనసు చివుక్కుమందని, ఆలోచిస్తే అది నిజమేనని తోచిందని కింగ్ 1965లో ఒక ప్రసంగంలో చెప్పుకున్నాడు. అహింసను ఇక్కడ నేర్చుకుపోయినవాడికి అంటరానితనమూ ఇక్కడే ఎదురైంది. ఈ రెంటినీ కలిపి చెప్పుకోకపోతే మనం నిజాయితీగా ఉన్నట్టు కాదు.

మన చీరాలనే తీసుకోండి. 1921లో మునిసిపాలిటీ పన్నులను కాదని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఇళ్ళు వదిలి, ఊరి బయట రామనగర్ పేరుతో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. మనం గర్వంగా పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. 1985లో కారంచేడులో ఆరుగురు దళితులను చంపేస్తే, మిగిలినవాళ్ళు అదే చీరాలకు వచ్చి శిబిరంలో కూర్చుని, ఆ ఊరికి తిరిగి వెళ్ళం అన్నారు. దళిత మహాసభ అందులోంచి పుట్టింది. ఊరు వదలడం రెండుసార్లూ ఒకే పద్ధతి, చేతిలో కర్ర లేదు. మొదటిదాన్ని చదివినంత గర్వంగా మనం రెండోదాన్ని చదువుకున్నామా అని నన్ను నేను అడుగుతుంటాను. ఆ ఎనిమిది మంది బోధకులు నాకు దూరపువాళ్ళుగా ఎప్పుడూ అనిపించలేదు.

ఉత్తరం ఒక్కటే బర్మింగ్‌హామ్‌ను మార్చలేదు. అది కరపత్రంగా నలుగురికీ చేరింది మేలో. అప్పటికే పిల్లలు వీధుల్లోకి వచ్చేశారు. మే 2న వెయ్యి మందికి పైగా బడులు వదిలి 16వ వీధి బాప్టిస్టు చర్చిలోంచి జంటలు జంటలుగా పాడుకుంటూ బయటికొచ్చారు. మర్నాడు కానర్ కుక్కలను, అగ్నిమాపక గొట్టాలను వదిలాడు. ఆ ఫొటోలు ప్రపంచమంతా చూసింది. పిల్లలను ముందుకు పంపడం తప్పని నల్లవాళ్ళ మరో నాయకుడు మాల్కం ఎక్స్ అన్నాడు, ఎందరో అన్నారు. ఆ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఇద్దరు పిల్లల తండ్రిగా ఆ ఫొటోలు చూసి నేను తల తిప్పుకున్నాను. కానీ ఆ పిల్లలు వీధిలోకి రాకముందు క్షేమంగా ఉన్నారనుకోవడం మాత్రం కుదరదు. ఫన్‌టౌన్ గేటు దగ్గరే వాళ్ళ క్షేమం పోయింది. మే 10న ఒప్పందం కుదిరింది. సెప్టెంబరు 15న అదే చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. 1964 జులై 2న పౌరహక్కుల చట్టం వచ్చింది.

మాస్టారు చివరి రోజుల్లో చూపు మందగించి ఎవరిచేతనైనా చదివించుకునేవారు. ఒకసారి నేను ఈ ఉత్తరం చదివి వినిపించి, "ఇంతకీ ఆ ఎనిమిది మందీ మారారా మాస్టారూ?" అని అడిగాను. ఆయనకు తెలియదు. తెలుసుకుని చెప్పమన్నారు. నేను తెలుసుకునేసరికి ఆయన లేరు. అందుకని ఇక్కడ చెబుతున్నాను, ఆయన ఫొటో ముందు.

ఎక్కువమంది నొచ్చుకున్నారండి. తమను చరిత్రలో తప్పుడు పక్షాన నిలబెట్టాడని రబ్బీ గ్రాఫ్‌మన్ చాలాకాలం బాధపడ్డాడు. కానీ వాళ్ళలో అప్పటికి యాభై నిండని కాథలిక్ బిషప్ ఒకాయన ఉన్నాడు, జోసెఫ్ డ్యూరిక్. ఆ తర్వాత టెనెస్సీకి బదిలీ అయ్యాడు. అక్కడ నల్లవాళ్ళ హక్కుల పక్షాన బాహాటంగా మాట్లాడాడు, సొంత విశ్వాసులే దూరమైనా వెనక్కి తగ్గలేదు. మాస్టారూ, ఎవరితో అంటున్నాడని అడిగేవారు కదా. ఒకాయన విన్నాడు.